పంచర్ కాని టైర్లు వేసినంక సైకిల్ ఎడ్లబండి లెక్క అయింది. నా భ్రమనా, నిజమేనా?

క్లాక్‌టవర్_సైకిలోడు
నల్లగొండల ఉంట. హైబ్రిడ్ సైకిల్, 700×35 టైర్లు (35 మిల్లీమీటర్ల వెడల్పు). రోజూ ఆఫీసుకు రానుపోను 9 కిలోమీటర్లు, ఆదివారం పొద్దుగాల ఉదయ సముద్రం కట్ట దాకా, ఓపిక ఉంటే నార్కట్‌పల్లి దాకా. పోయిన నెలల నాలుగు పంచర్లు, నాలుగూ వెనుక టైరే. నాలుగోసారి ఎండల మూడు కిలోమీటర్లు తోసుకుంట నడిచిన. ఆ కోపంల లోపల మందపు పొర ఉన్న టైర్లు రెండు ఏడు వేలు పెట్టి తెప్పించిన. తూకం వేస్తే ఒక్కొక్కటి 900 గ్రాములు. పాతవి 520.

మూడు వారాలైంది, పంచర్ లేదు. కానీ సైకిల్‌ల పానం లేదు. అదే రోడ్డు, అదే నేను, సగటు వేగం 22 నుంచి 20కి పడ్డది. తొక్కుడు ఆపంగనే ఎవరో వెనుక నుంచి క్యారియర్ పట్టుకొని గుంజినట్టే ఆగిపోతున్నది. చిన్న గుంతల పడ్డా నడుం దాకా గుద్దుతున్నది. ఇంట్లనేమో "వయసైంది నీకు, టైరుకు కాదు" అంటున్నరు. ఇది నిజంగ టైరు పనేనా?

ముళ్ళకంప
ఇంట్ల చెప్పింది కరెక్టే. థ్రెడ్ మూసేయొచ్చు.

పాలమూరు_పెడల్
భ్రమ కాదన్నా. నేను మహబూబ్‌నగర్, జడ్చర్ల మధ్యల అసొంటి టైర్లే రెండేండ్లు తొక్కిన. పంచర్ ఒక్కటంటే ఒక్కటి కాలే. కానీ అవి అరిగినంక మామూలు టైర్లు వేసిన రోజు, నిన్ను గుంజినోడే నన్ను తోస్తున్నడా అని రెండుసార్లు వెనుకకు తిరిగి చూసిన.

గేర్_గద్వాల
బరువు భయ్. టైరుకు 380 గ్రాములు ఎక్కువ, రెండిటికి 760. చక్రం అంచుల ఉన్న బరువు రెండింతల లెక్క. ఇంక ఆలోచించేదేముంది.

లెక్కల_సారు
గద్వాల తమ్ముడూ, ఆ రెండింతల మాట వేగం పెంచేటప్పుడు మాత్రమే. ఒక్క తీరుగా పోతున్న చక్రానికి చదును రోడ్డు మీద ఆ బరువు దాదాపు తెలియదు. మనిషి, సైకిల్ కలిపి 90 కిలోలు అనుకుంటే 760 గ్రాములు ఒక శాతం కూడా కాదు. ఒక శాతానికి 22 పోయి 20 ఎందుకవుతుంది?

అసలు దొంగ రబ్బరులోనే ఉన్నాడు. టైరు రోడ్డును తాకిన చోట అణుగుతుంది, దాటగానే మళ్ళీ లేస్తుంది. అణచడానికి మీరు పెట్టిన శక్తి లేచేటప్పుడు మొత్తం తిరిగి రాదు, కొంత వేడిగా పోతుంది. పిల్లలు ఆడే ఎగిరే బంతిని, అంతే సైజు చెప్పు రబ్బరు ముక్కను నేల మీద వేసి చూడండి. ఒకటి చేతికి తిరిగి వస్తుంది, ఇంకొకటి అక్కడే కూర్చుంటుంది. మందపు పొర ఉన్న టైరులో ఆ చెప్పు ముక్క పాలు ఎక్కువ. మీ చక్రం చుట్టుకొలత 2.17 మీటర్లు ఉంటుంది. అంటే కిలోమీటరుకు 460 సార్లు టైరులో ప్రతి చోటూ అణిగి లేవాలి.

ఇప్పుడు లెక్క. గంటకు 25 కిలోమీటర్ల వేగం. మంచి పల్చటి టైరుకు దొర్లుడు నిరోధం (దొర్లేటప్పుడు టైరు వెనక్కి లాగే బలం, మోసే బరువులో ఎంత వంతో) 0.004 అనుకోండి, మొద్దు టైరుకు 0.008. 90 కిలోలకు మొదటిది 25 వాట్లు తింటుంది, రెండోది 49. గాలిని చీల్చడానికి ఆ వేగంలో ఇంకో 85 వాట్లు. అంటే మొత్తం 110 వాట్లు పెట్టే మనిషి పల్చటి టైరుతో 25లో పోతే, అదే కష్టానికి మొద్దు టైరుతో 23 దగ్గర ఆగిపోతాడు. 60 కిలోమీటర్ల దారిలో పావుగంటకు కాస్త తక్కువ తేడా. మీ 22, 20 దీనికి దగ్గరగానే ఉన్నాయి.

ముళ్ళకంప
సారూ బోర్డు తుడవకండి, నోట్సు రాసుకుంటున్న.

గేర్_గద్వాల
అంటే బరువు లెక్కనే లేదంటరా సార్? సిగ్నల్ కాడ ఆగి లేసేటప్పుడు తొడలకు తెలుస్తలేదా?

లెక్కల_సారు
తెలుస్తుంది. గుట్ట ఎక్కేటప్పుడు కూడా తెలుస్తుంది. బరువు లేదనలేదు, దొంగ అది కాదన్నాను.

పంచర్‌షాపు_పిలగాడు
లెక్కలు మంచిగనే ఉన్నయి గానీ ఒక మాట ఎవ్వలు అడుగుతలేరు. నాలుగు పంచర్లూ వెనుక టైరే అన్నరు. ట్యూబుల ఆ రంధ్రాలు ఎక్కడెక్కడ పడ్డయన్నా? వాల్ కాడి నుంచి ఎంత దూరంల? రోడ్డు దిక్కా, రిమ్ము దిక్కా? ట్యూబు పారేయకుండ్రి, చూసి చెప్పుండ్రి.

బ్రెవె_పిచ్చి
"పొర" అంటే అన్నీ ఒక్కటే అనుకోవద్దు. రెండు జాతులున్నయి.

ఒకటి మెత్తటి రబ్బరు దిండు. ష్వాల్బె కంపెనీ టైరు మారథాన్ ప్లస్‌ల 5 మిల్లీమీటర్ల మందం ఉంటది. ముల్లు దిగినా కొస ట్యూబుకు చేరదు, అంతే దాని కిటుకు. రెండోది గట్టి దారంతోటి నేసిన పల్చటి పట్టీ. కెవ్లార్ అని వింటం కదా, 1965ల డూపాంట్ కంపెనీల స్టెఫనీ క్వోలెక్ అనే ఆమె కనిపెట్టిన దారం. బుల్లెట్ ఆపే చొక్కాలల్ల వాడేది అదే. కాంటినెంటల్ వాళ్ళ జిపి 5000 టైరుల వెక్ట్రాన్ అని ఇంకో దారం. ఈ పట్టీ పల్చగ ఉంటది కాబట్టి వేగానికి పెద్దగ అడ్డం పడదు. గాజు పెంకు కోతకు బాగ నిలుస్తది. కానీ సూదసొంటి ముల్లుకు, సన్న తీగకు నేతల సందు దొరుకుతది.

సైడ్‌వాల్ సంగతి వేరే. పట్టీ నడుమ వరకే ఉంటే టైరు పక్కలు మెత్తగ ఒంగుతయి, చిన్న రాళ్ళను టైరే మింగేస్తది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా గట్టిగ చేసిన టైర్లుంటయి చూడు, అవి ఒంగవు. రాయిని మింగవు, మనకే అప్పజెప్తయి. ఓపీ (థ్రెడ్ పెట్టినాయన) నడుముకు తగిలేది అదే.

200 కిలోమీటర్ల బ్రెవె (గడువు పెట్టి తొక్కే దూరపు రైడ్) పదమూడున్నర గంటలల్ల ముగియాలె. నేను రెండు తీర్ల టైర్లతోనూ తొక్కిన. మొద్దు టైర్లతో టైముకైతే అందుకున్న. కానీ ఆఖరి 50ల అరచేతులు తిమ్మిరెక్కి గ్లాసు చాయ్ పట్టుకోలేకపోయిన.

దేవరకొండ_డబుల్స్
కెవ్లారూ వెక్ట్రానూ అని పట్నం రోడ్ల మాటలు చెప్పకుండ్రి. మా దిక్కు రా ఒక్కసారి. పత్తి చేన్లకు కంప వేసేటోళ్ళు సర్కారు తుమ్మ కొట్టి ట్రాక్టర్ వెనుక కట్టి రోడ్డు మీద ఈడ్చుకపోతరు. ట్రాక్టర్ ఏ దారిన పోయిందో నాకు మ్యాప్ అక్కర్లేదు, నా టైరే చెప్తది. నల్ల తుమ్మ ముల్లైతే రెండంగుళాలు ఉంటది, దానికి నీ 5 మిల్లీమీటర్లు ఎంత? ఇగ పల్లేరు కాయ సంగతి. ఎట్ల పడ్డా ఒక ముల్లు మీదికే చూస్తది. అమెరికాల గోట్‌హెడ్ అని సైకిలోళ్ళు ఏడుస్తరు కదా, అది మన పల్లేరే.

పల్లేరుకు మాత్రం మందపు పొర పనిచేస్తది. పోయిన దసరాకు చేను గట్టు మీది నుంచి వచ్చి చూస్తే టైరుకు పదకొండు కాయలు అంటుకున్నయి. గాలి మాత్రం పోలే. నాకు 20 చాలు తమ్మీ, 22 ఎవనికి కావాలె.

పాలమూరు_పెడల్
డబుల్స్ అన్న చెప్పింది ఊరి దారులకు కరెక్ట్. హైవేల మీద ఇంకో దయ్యం ఉన్నది. లారీ టైర్లు పేలి చీలికలైతయి కదా, అందుట్ల వెంట్రుక లావు ఉక్కు తీగలుంటయి. హైదరాబాద్, బెంగళూరు హైవే పక్క పట్టీ మీద మొత్తం అవే. మనం సైకిల్ తొక్కేది కూడా ఆ పక్కనే.

భాగ్యనగర్_రైడర్
ఇంత చర్చ ఎందుకండీ, ట్యూబ్‌లెస్‌కి మారిపోతే అయిపోతుంది. ట్యూబు లేకుండా టైరు లోపల సీలెంట్ అనే జిగురు పాలు పోస్తే ముల్లు దిగినా అదే మూసుకుంటుంది. ట్యూబు రాపిడి ఉండదు, తక్కువ గాలితో తొక్కొచ్చు, మెత్తగా ఉంటుంది. నేను మారి ఏడాదిన్నర అయింది.

పాలమూరు_పెడల్
ఏడాదిన్నరల సీలెంట్ ఎన్నిసార్లు పోసినవ్ అన్నా? ఆ పాలు మా ఎండకు రెండు మూడు నెలల్ల ఎండి లోపల మీగడ లెక్క కడ్తది. పైగా అందరి రిమ్ములు దానికి పనికిరావు. ఓపీది మామూలు హైబ్రిడ్. టైరు రిమ్ముకు అతుక్కోవాలంటే ఒక్కసారి బుస్సుమని గాలి కొట్టాలె, చేతి పంపుతో చాన కష్టం. మా షాపుల సైకిల్ ట్యూబ్‌లెస్ అంటే "బైక్ ఎక్కడ పెట్టినవ్" అని అడుగుతడు.

భాగ్యనగర్_రైడర్
నాలుగుసార్లు పోశాను. ఒప్పుకుంటున్నా. పల్లేరు మీద మాత్రం దాన్ని మించింది లేదు.

మిర్యాలగూడ_మిల్లు
మీరు చెప్పే పొరలన్నీ మా తాత ఎన్నడో కనిపెట్టిండు. తాళ్ళు ఎక్కేటోడు. పెద్ద సైకిల్, 28×1½ టైర్లు, వెనుక రెండు దిక్కుల కల్లు కుండలు. పొద్దున సాయంత్రం గట్ల మీదనే తిరుగుడు, అడుగుకో ముల్లు. అరిగిపోయిన టైరు తీసుకొని దాని అంచు తీగలు కోసేసి, మిగిలిన పట్టను కొత్త టైరుల పరిచి, దాని మీద ట్యూబు పెట్టేటోడు. టైరుల టైరు. ఏడాదికి ఒక్క పంచర్ కూడా అయ్యేది కాదట.

ఆ సైకిల్ నేను ఎనిమిదో తరగతిల తొక్కిన. కుండలు లేకున్నా కుండలు ఉన్నట్టే ఉండేది. లెక్కల సారు చెప్పిన చెప్పు ముక్క మాట చదివినంక ఇప్పుడు అర్థమైంది, అంత కష్టం ఎందుకైందో. నాకు చాతకాదనుకున్న అప్పట్ల.

ముళ్ళకంప
కుండలు లేకున్నా కుండలు ఉన్నట్టు. ఈ థ్రెడ్‌కు టైటిల్ ఇది పెట్టాల్సింది.

క్లాక్‌టవర్_సైకిలోడు
ఆఫీసుల ఇరుక్కున్న, ఇప్పుడే అందరివీ చదివిన. లెక్కల సారుకు దండం, ఇంట్ల చూపించిన. "25 వాట్లు అంటే ఎంత" అని అడిగింది, మన బాత్రూం బల్బు కంటే ఎక్కువ అని చెప్పిన. ఒక మాట మరిచిపోయిన, కొత్త టైర్లల్ల గాలి 80 పిఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా కొట్టిన. గట్టిగ ఉంటే ముల్లు దిగదని.

పంచర్‌షాపు_పిలగాడు తమ్మీ, ట్యూబు అటక మీద ఉన్నది. రేపు చూస్త.

బ్రెవె_పిచ్చి
80? 35 టైరుల? నీ బరువెంత అన్నా?

క్లాక్‌టవర్_సైకిలోడు
74.

బ్రెవె_పిచ్చి
అయితే నడుం నొప్పిల సగం పాపం టైరుది కాదు, నీ పంపుది. వెనుక 55, ముందు 45 పెట్టి తొక్కు. గరుకు రోడ్డు మీద మరీ గట్టి టైరు దొర్లదు, ఎగురుతది. ఎగిరినప్పుడల్లా నువ్వూ సైకిలూ కలిసి పైకి లేస్తున్నరు, ఆ శక్తి కూడా నీదే. గట్టిగ కొడితే ముల్లు దిగదన్నది ఉల్టా మాట, బిగుసుకున్న టైరుల ఇంకా సులువుగ దిగుతది. అట్లని మరీ తగ్గించకు. గుంత అంచు తగిలితే ట్యూబు రిమ్ముకు నలిగి పక్కపక్కన రెండు రంధ్రాలు పడ్తయి, పాము కాటు లెక్క.

గేర్_గద్వాల
ముందు మామూలు టైరు, వెనుక మొద్దు టైరు వేస్తే? బరువు వెనుకనే ఎక్కువ పడ్తది, పంచర్లు కూడా వెనుకనే ఎక్కువ. ముందు చక్రం పడుకున్న ముల్లును లేపి నిలబెడ్తది, వెనుక చక్రం పోయి దాని మీద ఎక్కుతది.

దేవరకొండ_డబుల్స్
వాలు దిగేటప్పుడు ముందు టైరు పంచరైతే తెలుస్తది నీకు. వెనుకది పోతే ఊగుతవ్, ముందుది పోతే పడ్తవ్. నేనైతే రెండూ మొద్దువే.

గేర్_గద్వాల
నువ్వు దిగే వాలు ఎక్కడుందన్నా దేవరకొండల?

దేవరకొండ_డబుల్స్
ఖిల్లా ఎవరికోసం కట్టిన్రనుకున్నవ్.

పాలపిట్ట_77
గాలి అక్కర్లేని గట్టి టైర్లు వస్తున్నయంట, ఎవరన్నా వాడిన్రా?

మిర్యాలగూడ_మిల్లు
పైన నేను రాసింది చదువు. అది కుండలతోటి, మీరడిగేది కుండల నిండ కల్లుతోటి.

లెక్కల_సారు
1888 ప్రాంతంలో బెల్ఫాస్ట్‌లో డన్లప్ గారు కొడుకు మూడు చక్రాల సైకిల్‌కు గాలి గొట్టం కట్టిందే గట్టి రబ్బరు కుదుపు భరించలేక. మళ్ళీ వెనక్కి పోదామా?

క్లాక్‌టవర్_సైకిలోడు
ట్యూబు దించిన. పాత ట్యూబు మీద మూడు ప్యాచ్‌లు. నాలుగోది కొత్త ట్యూబు మీద. గాలి నింపి టేపుతో కొలిచిన. పాతదాని మూడు ప్యాచ్‌లూ వాల్ నుంచి కుడి దిక్కు 41, 42, 42 సెంటీమీటర్లు, దాదాపు ఒకదాని మీద ఒకటి. కొత్తదాని మీద 42. అన్నీ రోడ్డు దిక్కే. ఇదేందిది?

పంచర్‌షాపు_పిలగాడు
నేను అనుకున్నదే. నాలుగు పంచర్లు కాదన్నా అవి, ఒక్కటే నాలుగుసార్లు. ఏదో ఒకటి ఆ పాత టైరుల ఇరికి ఉన్నది. ట్యూబుకు ప్యాచ్ వేస్తున్నరు, దొంగను టైరుల ఉంచుతున్నరు. లోపల చెయ్యి తిప్పి చూసిన్రా?

క్లాక్‌టవర్_సైకిలోడు
నాలుగుసార్లూ తిప్పిన. ఏం తగల్లే.

పంచర్‌షాపు_పిలగాడు
వెంట్రుక లావు తీగైతే వేలికి తగల్దు. గాలి నిండి బరువు పడ్డప్పుడే కొస బయటికి వస్తది. మా నాయిన చేసే పని చెప్త. ఇంత పత్తి తీసుకొని టైరు లోపల చుట్టూ మెల్లగ రాయుండ్రి. ఎక్కడన్నా పోగు పట్టుకుంటే ఆగుండ్రి. టైరును బయటి దిక్కు ఒంచి చూస్తే కొస కనపడ్తది. గోరుతో గుంజొద్దు, విరుగుతది, సన్న పట్టకారు పెట్టుండ్రి. ఇంకోటి. టైరు ఎక్కించేటప్పుడు దాని మీది పేరు ఎప్పుడూ వాల్ కాడనే ఉండేటట్టు పెట్టుండ్రి. ట్యూబుల రంధ్రం దొరికితే టైరుల చోటు అదే దొరుకుతది. మీ పాత టైరు ఎట్ల ఎక్కించిన్రో గుర్తుందా?

క్లాక్‌టవర్_సైకిలోడు
గుర్తు లేదు గానీ నల్లగొండల పత్తికి కొదువా. చూస్త.

క్లాక్‌టవర్_సైకిలోడు
దొరికింది!! రెండో చుట్టుకు పత్తి పోగు పట్టుకున్నది. ఉక్కు తీగ, బియ్యపు గింజంత పొడుగు, లావు మీసం వెంట్రుకంత. లోపలి నుంచి చూస్తే ఏమీ లేదు, బొటనవేలితో బయటి నుంచి నొక్కితేనే కొస మెరిసింది. పాలమూరు అన్న చెప్పిన లారీ దయ్యమే.

ముళ్ళకంప
ఏడు వేల రూపాయల టైర్లు వర్సెస్ పావలా పత్తి.

పాలమూరు_పెడల్
తమ్మీ పిలగాడా, మీ నాయినకు నా తరఫున ఒక చాయ్.

లెక్కల_సారు
ఇప్పుడు మీ దగ్గర రెండు జతలూ ఉన్నాయి కదా. ఒక వాలు చూసుకొని, తొక్కకుండా వదిలి, ఎంత దూరం పోతారో కొలవండి. గాలి రెండిటికీ ఒకటే పెట్టాలి. ఒకే రోజు, ఒకే పూట.

క్లాక్‌టవర్_సైకిలోడు
ఇయ్యాల పొద్దుగాల చేసిన. కట్ట దిగే వాలు పైన ఒక కాలు కింద పెట్టి నిలబడి, వదిలి, ఎక్కడ ఆగితే అక్కడ సుద్దముక్కతో గీత. గాలి 55, 45. మూడేసిసార్లు. మొద్దు టైర్లతో వాలు కింది నుంచి 118, 116, 119 అడుగులు (నా నడక అడుగులు). పాతవాటితో 149, 152, 151. వాకింగ్‌కు వచ్చిన పెద్దమనిషి ఒకాయన మూడోసారికి ఆగి "ఏం పోయింది బిడ్డా, వెతుకుతున్నవ్" అని అడిగిండు.

ఇంకో సంగతి, 55కు దించినంక మొద్దు టైర్లు కూడా మునుపటంత గుద్దుతలేవు. బ్రెవె అన్న మాట నిజమే. కానీ పాతవి ఎక్కంగనే రోడ్డు చప్పుడే మారిపోయింది, గుర్ర్ అనేది సర్ర్ అన్నది.

లెక్కల_సారు
గాలి ఏ దిక్కు నుంచి వీచిందో రాసుకోలేదు కాబట్టి అయిదు మార్కులు తీసేస్తున్నాను. మిగతాది బాగుంది.

గేర్_గద్వాల
మరి ఇప్పుడు ఏం వేస్తున్నవ్?

క్లాక్‌టవర్_సైకిలోడు
ముందు పాతదే. వెనుక కూడా ఇప్పటికి పాతదే, తీగ పోయింది కదా. వానకాలం అయినంక కంప ట్రాక్టర్లు తిరిగే రెండు నెలలు మాత్రం వెనుక మొద్దుది ఎక్కిస్త. సంచిల ఒక ట్యూబు, టైరు ఊడదీసే రెండు లివర్లు, ప్యాచ్ డబ్బీ, పిడికెడు పత్తి. ముందు టైరు కోసం కొన్న మొద్దుది ఒకటి ఊరికే పడి ఉన్నది.

దేవరకొండ_డబుల్స్
ఎంతకిస్తవ్?

ముళ్ళకంప
ఆగాగు, ముందు ఇది చెప్పు. ఆ తీగ ఇంట్ల చూపించినవా?

క్లాక్‌టవర్_సైకిలోడు
చూపించిన. తెల్ల కాగితం మీద పెట్టి చూపించిన, లేకుంటే కనపడదు. చాన సేపు చూసి "గింత దానికి ఏడు వేలా" అన్నది. డబుల్స్ అన్నా, ఎంతో కొంతకు తీసుకపో, రేటు నువ్వే చెప్పు.